ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు ఏం చెబుతుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, నలుగురికీ పనికొచ్చే విషయం ఏదైనా మాట్లాడమన్నారు. కరెంటు ఇంజనీరుని కాబట్టి కరెంటు గురించే మాట్లాడతానని అనుకొని ఉంటారు. దాని ప్రస్తావన కూడా వస్తుంది. కానీ ఈరోజు నేను ఎంచుకున్న విషయం వేరు. ఛాతీలో నీరు చేరినప్పుడు, ఆ నీటిని పరీక్షించి క్యాన్సర్‌ను ఎలా కనిపెడతారన్నదే నా అంశం.

నేను డాక్టరుని కాను. మా ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినప్పుడు డాక్టర్లను అడిగి, పాథాలజిస్టుల దగ్గర కూర్చొని, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నవే మీ ముందుంచుతున్నాను. ఈ సభలో సగం మందిమి యాభై దాటినవాళ్ళమే. చాలామంది ఇళ్ళలో ఎనభై దగ్గరపడిన అమ్మానాన్నలున్నారు. "ఆయాసంగా ఉందట, ఎక్సరే తీస్తే నీరు చేరిందన్నారట" అనే ఫోను మనలో ఎవరికైనా రావచ్చు. ఆ రోజున ఏం అడగాలో తెలిసి ఉండాలి.

చెప్పదలచుకున్న అసలు మాట ముందే చెప్పేస్తాను. ఛాతీలోంచి తీసిన నీరు పారబొయ్యాల్సిన మురికి కాదు, అది సాక్ష్యం. ఆ నీటి రిపోర్టులో "క్యాన్సర్ కణాలు కనిపించలేదు" అని ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని తేలిపోయినట్లు కాదు. మిగతాదంతా ఈ రెండు మాటలకు వివరణే.

ముందు నాకు తెలిసిన చోట మొదలుపెడతాను. సబ్‌స్టేషన్లలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు చూసే ఉంటారు. లోపల రాగి చుట్లు, వాటి చుట్టూ కాగితం, ఆ మొత్తాన్నీ ముంచెత్తుతూ వేల లీటర్ల నూనె. లోపల ఏదైనా కాలుతోందేమోనని అనుమానం వచ్చిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మర్‌ను విప్పి చూడలేం. అందుకని నూనె తీసి పరీక్షకు పంపుతాం. ఆ నూనెలో కరిగిన వాయువులను కొలుస్తారు. ఎసిటిలీన్ కనిపిస్తే లోపల ఎక్కడో నిప్పురవ్వలు ఎగురుతున్నాయని అర్థం. ఎథిలీన్ ఎక్కువైతే నూనె విపరీతంగా వేడెక్కుతోంది. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కాగితం మాడుతోంది. మూత తెరవకుండానే లోపలి జబ్బు బయటి నూనె చెబుతుంది.

అయితే ఆ నూనె తీసే పద్ధతి ఒకటుంది. వాల్వు విప్పగానే వచ్చే మొదటి నూనె వదిలెయ్యాలి. గాజు సిరంజిలోకి గాలి బుడగ రాకుండా పట్టాలి. ఎండ తగలకూడదు. పేరు, తేదీ రాసి వెంటనే ల్యాబుకు పంపాలి. నమూనా సరిగ్గా తీయకపోతే ల్యాబు ఎంత గొప్పదైనా రిపోర్టుకు విలువ లేదు. మా శాఖలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు మొదటిరోజే ఈ మాట చెబుతాం. ఛాతీ నీటికీ ఇదే వర్తిస్తుందని నాకు తర్వాత తెలిసింది.

ఇక మనిషి దగ్గరకు వద్దాం.

ఊపిరితిత్తి మీద సన్నని పొర ఒకటుంది. ఛాతీ గోడకు లోపలివైపు అలాంటిదే ఇంకో పొర. వీటిని ప్లూరా అంటారు. మనం ఊపిరి తీసిన ప్రతిసారీ ఈ రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి జారుతాయి. రాపిడి లేకుండా ఉండటానికి మధ్యలో కాస్త నీరు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది రెండు మూడు చెంచాలకు మించదు. ఒకవైపు ఊరుతుంటుంది, మరోవైపు ఛాతీ గోడలోని సన్నని లింఫు కాలువల్లోకి ఇంకుతుంటుంది. ఊరేది ఎక్కువైనా, కాలువలు పూడుకుపోయినా నీరు నిలుస్తుంది. క్యాన్సర్ కణాలు ఆ పొర మీద చేరితే రెండూ జరుగుతాయి. పొర కారుతుంది, కాలువ పూడుతుంది. అందుకే తీసినకొద్దీ నీరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. మన ఊళ్ళల్లో దీన్నే "నెమ్ము చేరింది", "ఊపిరితిత్తులకు నీరు పట్టింది" అంటారు. నిజానికి నీరు ఊపిరితిత్తి లోపల ఉండదు, చుట్టూ ఉంటుంది. బయటనుంచి నొక్కుతుంది కాబట్టి ఆయాసం.

ఈ నీటిని కనిపెట్టడంలో ఒక తమాషా కథ ఉంది. ఇంజనీర్లకు బాగా నచ్చే కథ. ఆస్ట్రియాలో గ్రాట్స్ అనే ఊళ్ళో ఒక పూటకూళ్ళ ఇంటి యజమానికి 1722లో పుట్టిన కొడుకు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్. సారా పీపాలో సరుకు ఎంతవరకు ఉందో వేలితో తట్టి చెప్పడం వాళ్ళింట్లో మామూలు పని. మనం సంతలో కుండను తట్టి చూసి కొన్నట్లే. ఖాళీగా ఉన్నచోట ఖంగుమంటుంది, నిండుగా ఉన్నచోట బొద్దుగా పలుకుతుంది. అతను పెద్దయి వియన్నాలో డాక్టరై, రోగుల ఛాతీని అలాగే తట్టి చూశాడు. శవాల ఛాతీలో నీళ్ళెక్కించి, తట్టినప్పుడు శబ్దం ఎక్కడ మారుతుందో సరిచూసుకున్నాడు. 1761లో చిన్న పుస్తకం రాశాడు. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1808లో ఫ్రాన్సులో కోర్విసార్ అనే పెద్ద డాక్టరు అనువాదం చేశాకే లోకానికి తెలిసింది. ఇప్పటికీ డాక్టరుగారు మీ వీపు మీద వేలు పెట్టి ఇంకో వేలితో కొడుతున్నారంటే అది ఆ పీపాల విద్యే.

ఇప్పుడు ఎక్సరే ఉంది. కానీ నిలబెట్టి ఎదురుగా తీసే మామూలు ఎక్సరేలో నీరు తెలియాలంటే సుమారు 200 మిల్లీలీటర్లు చేరాలి. అల్ట్రాసౌండులో అంతకన్నా చాలా తక్కువ ఉన్నా కనిపిస్తుంది. అదే యంత్రంతో చూస్తూ సూది ఎక్కడ దించాలో గుర్తు పెడతారు. పక్కటెముక కింది అంచు వెంబడి రక్తనాళాలు, నరం ఉంటాయి కాబట్టి సూదిని ఎముక పై అంచు మీదుగా పోనిస్తారు. మత్తు సూది ఇస్తారు, కూర్చోబెట్టి తీస్తారు. ఒకేసారి లీటరున్నర దాటి తీయకుండా చూసుకుంటారు. ఎన్నాళ్ళో నొక్కుకుపోయి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దాంట్లోకే నీరు దిగే ప్రమాదం ఉంది. "మొత్తం ఒకేసారి తీసెయ్యండి" అని డాక్టరుగారిని ఒత్తిడి చెయ్యకూడదని ఇందుకే చెబుతున్నాను.

తీసిన నీటిని ముందు రెండు జాతులుగా విడదీస్తారు. గుండె నీరసించినప్పుడు, కాలేయం గట్టిపడినప్పుడు, మూత్రపిండాల్లోంచి ప్రొటీన్ పోతున్నప్పుడు వచ్చే నీరు ఒక జాతి. ఇక్కడ పొర బాగానే ఉంటుంది, పీడనం లెక్క తప్పుతుంది. ట్యాంకు బాగానే ఉన్నా ప్రెషరెక్కువై జాయింట్ల దగ్గర చెమ్మ పుట్టినట్లు. రెండో జాతి పొరే దెబ్బతిన్నప్పుడు వచ్చేది. న్యుమోనియా, క్షయ, క్యాన్సర్ ఈ జాతిలోకి వస్తాయి. ఈ రెండింటినీ విడదీయడానికి 1972లో అమెరికా డాక్టరు రిచర్డ్ లైట్ చెప్పిన కొలతలే ఇప్పటికీ వాడుతున్నారు. నీటిలోని ప్రొటీన్ రక్తంలోని ప్రొటీన్‌లో సగం దాటినా, నీటిలోని ఎల్.డి.హెచ్. రక్తంలోని దానికి 0.6 వంతు దాటినా, లేదా రక్తంలో ఎల్.డి.హెచ్. ఉండదగ్గ గరిష్ఠ పరిమితిలో మూడింట రెండు వంతులు మించినా, ఈ మూడింటిలో ఏ ఒక్కటి నిజమైనా అది రెండో జాతి. చూశారుగా, దీనికోసం నీటితోపాటు రక్తం కూడా అదేరోజు పరీక్షించాలి. ఒక్క నీటి రిపోర్టు చేతిలో ఉంటే లెక్క సగమే.

రెండో జాతి అని తేలాక మన దేశంలో మొదట తలపుకొచ్చేది క్షయ. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగోవంతు మన దగ్గరే ఉన్నారు. క్షయ వల్ల వచ్చే నీటిలో సూక్ష్మజీవి దొరకడం కష్టం. అందుకని ఏ.డి.ఏ. అనే ఎంజైమును కొలుస్తారు. అది 40 యూనిట్లు దాటి, నీటిలో లింఫోసైట్లనే తెల్లకణాలు ఎక్కువగా ఉంటే క్షయకే మొగ్గు. చిక్కేమిటంటే, క్యాన్సర్ నీటిలో కూడా చాలాసార్లు లింఫోసైట్లే ఎక్కువ. రెండూ పసుపుపచ్చగానే ఉండొచ్చు. ఎర్రగా ఉంటేనే క్యాన్సర్ అనీ, తేటగా ఉంటే కాదనీ అనుకోవడం పొరపాటు. రంగును బట్టి తీర్పు చెప్పలేం.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా పెద్దక్క ఈ బడిలోనే పదో తరగతి దాకా చదివింది. ఆమెతో చదివినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. ఆమె పొగ తాగలేదు, ఇంట్లో తాగేవాళ్ళు లేరు. యాభై నాలుగో ఏట దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. ఎక్సరేలో కుడివైపు నీరు కనిపించింది. ఒక ఆసుపత్రిలో లీటరు దాకా తీశారు. అందులో చిన్న గొట్టమంత ల్యాబుకు వెళ్ళింది, మిగతాది సింకులోకి వెళ్ళింది. లింఫోసైట్లు ఎక్కువ, క్యాన్సర్ కణాలు కనిపించలేదు అని రిపోర్టు. ఏ.డి.ఏ. మాత్రం తక్కువగానే ఉంది. క్షయ మందులు మొదలుపెట్టారు.

అక్కడ చూసిన డాక్టరుగారిని నిందించడం నా ఉద్దేశం కాదు. మన దగ్గర ఛాతీలో నీరున్న వందమందిని చూసే డాక్టరుకు క్షయే ముందు కనిపిస్తుంది. క్షయకు మందుంది, ఆరు నెలల్లో నయమవుతుంది. ఇంటిల్లిపాదికీ ఆ మాట చల్లగా కూడా ఉంటుంది. "టీబీయేనట, క్యాన్సర్ కాదట" అని అమ్మ ఊరంతా చెప్పుకుంది. రెండు నెలలు మందులు వాడాక నీరు మళ్ళీ నిండింది.

రెండోసారి చూసిన ఛాతీ డాక్టరుగారు ఫైలు తిరగేసి మూడే మాటలు అన్నారు. "వయసు యాభై దాటింది. ఏ.డి.ఏ. తక్కువ. మందులు వాడుతుండగానే నీరు తిరిగొచ్చింది. ఇది క్షయ అని నేననుకోను." ఈసారి సీసా నిండా నీరు ల్యాబుకు పంపారు. కాగితం మీద "సెల్ బ్లాక్ చెయ్యండి" అని రాశారు. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. ఊపిరితిత్తి క్యాన్సర్, అడినోకార్సినోమా రకం.

అదే మనిషి, అదే ఛాతీ, అదే నీరు. మొదటిసారి ఎందుకు కనిపించలేదు? ఇంజనీరుగా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. జవాబు కోసం ల్యాబులో ఏం జరుగుతుందో తెలుసుకున్నాను.

నీటి సీసా రాగానే దాన్ని గిరగిరా తిప్పే యంత్రంలో పెడతారు. కవ్వంతో చిలికితే వెన్న పైకి వస్తుంది. ఇక్కడ దానికి తిరగబడి, కణాలన్నీ అడుగుకు చేరతాయి. ఆ మడ్డిని గాజుపలక మీద పూసి రంగులద్దుతారు. ఆ రంగుల్లో బాగా పేరున్నది పాప్ స్టెయిన్. గ్రీసులో పుట్టి న్యూయార్కులో పనిచేసిన జార్జ్ పాపనికొలావ్ పేరు మీద అది వచ్చింది. ఆ తర్వాత పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూస్తారు. మన సైన్సు గదిలో మాస్టారు ఉల్లిపొర ఒలిచి, చుక్క రంగు వేసి, "గోడ ఇదిరా, మధ్యలో నల్లచుక్క కేంద్రకంరా" అని చూపించింది మీకు గుర్తుండే ఉంటుంది. పాథాలజిస్టు చూసేదీ ఆ కేంద్రకాన్నే. కణం సైజుకు మించి కేంద్రకం పెద్దదైందా, దాని అంచు గతుకులుగా ఉందా, కణాలు బంతుల్లా ముద్దకట్టాయా అని వెతుకుతారు.

వెతకడం అంత తేలిక కాదు. ప్లూరా పొర నుంచే రాలిపడే మామూలు కణాలు ఉంటాయి, వాటి పేరు మీసోథీలియల్ కణాలు. న్యుమోనియా వచ్చినా, క్షయ వచ్చినా అవి రెచ్చిపోయి ఉబ్బి, అచ్చం క్యాన్సర్ కణాల్లాగే కనబడతాయి. మంచివాడు దొంగలా కనిపించే చోటు, దొంగ మంచివాడిలా తప్పించుకునే చోటు కూడా ఇదే. అందుకే పేరున్న పాథాలజిస్టులు కూడా తొందరపడరు.

ఇప్పుడు మీరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె. నిజంగా క్యాన్సర్ వల్లే నీరు చేరిన పదిమందిని తీసుకొంటే, మొదటిసారి నీటి పరీక్షలో సుమారు ఆరుగురికే అది బయటపడుతుంది. నలుగురికి "కనిపించలేదు" అనే వస్తుంది. అడినోకార్సినోమా అయితే ఇంతకన్నా ఎక్కువగా దొరుకుతుంది. ఆస్‌బెస్టాస్ ధూళి వల్ల వచ్చే మీసోథీలియోమా అనే ప్లూరా క్యాన్సర్ అయితే చాలా తక్కువగా దొరుకుతుంది. రెండోసారి నీరు పంపితే ఇంకొందరికి తేలుతుంది. మూడోసారి పంపితే కలిసివచ్చేది స్వల్పం. అప్పటికీ అనుమానం తీరకపోతే ముక్క పరీక్షకు వెళ్ళాలి. థొరకోస్కోపీ అని, ఛాతీలోకి చిన్న గొట్టం పంపి పొరను కళ్ళతో చూసి ముక్క తీస్తారు. అందులో పదింటికి తొమ్మిదికి పైగా తేలిపోతాయి.

దీనికి రెండో పక్క కూడా చెప్పాలి. పరీక్షలో "క్యాన్సర్ ఉంది" అని వస్తే అది దాదాపు ఖాయమే. లేనివాళ్ళకు ఉందని రావడం బహు అరుదు. అంటే ఈ పరీక్ష "ఉంది" అంటే నమ్మవచ్చు, "కనిపించలేదు" అంటే ఇంకొంచెం వెతకాలి. మా భాషలో చెప్పాలంటే, అలారం మోగితే నిప్పు ఉన్నట్లే. మోగనంత మాత్రాన లేనట్లు కాదు.

ఆ దొరకడం పెరగాలంటే ఏం చెయ్యాలి? ఒకటి, తగినంత నీరు పంపాలి. కణాల పరీక్షకు 25 నుంచి 50 మిల్లీలీటర్లు పంపమని బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2023లో ఇచ్చిన సూచనల్లో ఉంది. చిన్న టీ గ్లాసులో సగం అనుకోండి. లీటరు తీసినప్పుడు ఆ మాత్రం పంపడానికి ఖర్చేమీ లేదు. రెండు, ఆలస్యం చెయ్యకూడదు. కణాలు కూడా పాల లాంటివే, ఎండలో ఉంటే పాడవుతాయి. ఆదివారమో పండగో వచ్చి ల్యాబు మూసి ఉంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు, సెల్ బ్లాక్.

సెల్ బ్లాక్ అంటే అడుగుకు చేరిన మడ్డిని ఫార్మలిన్‌లో గట్టిపరిచి, మైనంలో పోతపోసి చిన్న దిమ్మలా చేయడం. ముక్క పరీక్షకు కండను ఎలా చేస్తారో అలాగే. ఆ దిమ్మ నుంచి జుట్టు కన్నా ఎన్నో రెట్లు పలుచని పొరలు కోస్తారు. గాజుపలక మీద పూసిన పూత ఒకసారి రంగు వేస్తే అయిపోయింది. దిమ్మ ఉంటే పదిసార్లు కోయవచ్చు, పది పరీక్షలు చేయవచ్చు, ఏళ్ళ తరబడి దాచవచ్చు.

ఆ పది పరీక్షలు ఎందుకంటే, క్యాన్సర్ అని తెలియడంతో పని పూర్తికాదు. అది ఎక్కడ పుట్టిందో తెలియాలి. ఊపిరితిత్తి నుంచి, రొమ్ము నుంచి, అండాశయం నుంచి, లింఫు గ్రంథుల నుంచి, ఎక్కడినుంచైనా ఈ పొర మీదకు రావచ్చు. మనిషి నోరు విప్పగానే యాసను బట్టి శ్రీకాకుళమో, చిత్తూరో, వరంగల్లో చెబుతాం కదా. కణాలకూ యాస ఉంటుంది. ప్రత్యేకమైన రంగులతో ఆ యాసను పట్టుకుంటారు. టి.టి.ఎఫ్.-1 అనే గుర్తు వెలిగితే ఊపిరితిత్తి వైపు, గాటా-3 వెలిగితే రొమ్ము వైపు, పాక్స్-8 వెలిగితే అండాశయం వైపు మొగ్గు చూపుతారు. కాల్‌రెటినిన్ వెలిగితే అది ప్లూరా సొంత కణం. అక్క రిపోర్టులో టి.టి.ఎఫ్.-1 వెలిగింది.

దాని తర్వాతి మెట్టు జన్యు పరీక్ష. ఊపిరితిత్తి అడినోకార్సినోమాలో కొందరికి ఈ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు ఉంటుంది. పొగ తాగనివాళ్ళలో, ఆడవాళ్ళలో, మన ఆసియావాళ్ళలో ఇది ఎక్కువ. మార్పు ఉంటే కీమోకు బదులు రోజుకొక మాత్రతో మొదలుపెట్టవచ్చు. ఆ పరీక్షను కూడా అదే మైనపు దిమ్మ మీద చేశారు. మరో సూది, మరో కోత అవసరం రాలేదు. ఇంకో విశేషం వినండి. యంత్రంలో తిప్పాక పైన తేరుకున్న తేటనీరు ఉంటుంది కదా, చాలాచోట్ల పారబోసేది. చచ్చిన క్యాన్సర్ కణాల నుంచి కారిన డి.ఎన్.ఏ. అందులో కూడా ఉంటుంది. దాంట్లో కూడా ఈ మార్పును పట్టుకోవచ్చు. మనం దేన్ని పారబోస్తున్నామో చూడండి.

ఒక నిజాన్ని దాచకూడదు. నీటిలో ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలు కనిపించాయంటే అది నాలుగో దశ. పూర్తిగా నయమయ్యే దశ కాదు. మరి అంత కష్టపడి కనిపెట్టి ఏం లాభం అని మా బంధువులు కొందరు అడిగారు. అక్కే దానికి జవాబు. మాత్ర మొదలుపెట్టిన నెలకు నీరు తగ్గింది. ఆ తర్వాత మూడేళ్ళ నాలుగు నెలలు మా మధ్య ఉంది. అందులో రెండేళ్ళకు పైగా తన వంట తనే వండుకుంది, మెట్లు తనే ఎక్కింది, బ్యాంకు పనులు తనే చేసుకుంది. జబ్బు పేరు తెలిసింది కాబట్టి ఆ రోజులు వచ్చాయి. మాత్ర పనిచెయ్యని వాళ్ళకు కూడా మార్గాలున్నాయి. పొరల మధ్య శుద్ధిచేసిన టాల్కు పొడి పంపి అతికించడమో, చిన్న గొట్టం అమర్చి ఇంట్లోనే నీరు తీసుకొనేలా చేయడమో చేస్తారు. కనీసం ఆయాసం లేకుండా నిద్రపోతారు. అది కూడా వైద్యమే.

ఇక, ఎప్పుడైనా అవసరమైతే అడగాల్సిన ప్రశ్నలు చెప్పి ముగిస్తాను. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి, లేనివాళ్ళకు సావనీరులో వస్తుంది.

మొదటిది. నీరు తీసేముందే అడగండి, "ల్యాబుకు ఎంత పంపుతున్నారండీ? కణాల పరీక్షకు కూడా పంపుతున్నారా?" అని. తీశాక అడిగితే సింకును అడిగినట్లే.

రెండోది. "సెల్ బ్లాక్ చేయిస్తారా?" ఈ ఒక్క మాట కాగితం మీద ఉంటే తర్వాత చాలా శ్రమ తప్పుతుంది.

మూడోది. రిపోర్టు చివరి వాక్యం చదవండి. ఇప్పుడు ప్రపంచమంతటా ఛాతీ నీటి రిపోర్టును ఐదు మెట్లుగా రాసే పద్ధతి వచ్చింది. నమూనా చాలలేదు, క్యాన్సర్ కణాలు లేవు, కణాల్లో తేడా ఉంది కానీ ఏమిటో చెప్పలేం, క్యాన్సర్ అనుమానం, క్యాన్సర్. ఇందులో మొదటిదాన్నీ రెండోదాన్నీ ఒకటిగా తీసుకోకండి. "చాలలేదు" అంటే పరీక్ష జరగనట్లే.

నాలుగోది. క్షయ అని మందులు మొదలుపెడితే, ఏ ఆధారంతో మొదలుపెట్టారో మర్యాదగా అడిగి తెలుసుకోండి. ఏ.డి.ఏ. ఎంత ఉందో రాసిపెట్టుకోండి. మందులు మీ అంతట మీరు ఆపకండి, అది ఇంకో ప్రమాదం. కానీ వాడుతుండగా నీరు తిరిగొచ్చినా, బరువు తగ్గుతున్నా, ఆరు నెలలు పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే వెళ్ళి చూపించుకోండి.

ఐదోది. ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు కాగితాలు ఒక్కటే కాదు, గాజుపలకలు, మైనపు దిమ్మ కూడా అడిగి తీసుకువెళ్ళండి. అవి రోగికి పనికొచ్చేవే. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలు మనకు ఉన్నాయి. అక్కడికి వెళ్ళినా ముందుగా చూడాలనేది ఆ పలకలనూ ఆ దిమ్మనే.

మన సంఘానికి చిన్న మనవి. ఈ బడిలో చదివినవాళ్ళలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ల్యాబు టెక్నీషియన్లున్నారు, మందుల షాపులు నడిపేవాళ్ళున్నారు. ఒప్పుకున్నవాళ్ళ పేర్లతో సంఘం ఒక జాబితా తయారుచేసి కార్యదర్శి దగ్గర ఉంచితే బాగుంటుంది. ఊళ్ళో ఎవరికైనా ఇలాంటి రిపోర్టు చేతికొస్తే, దాన్ని చదివి తెలుగులో చెప్పే మనిషి ఒకరు ఫోనులో దొరికితే చాలు. దీనికి భవనం అక్కర్లేదు, విరాళం అక్కర్లేదు. వైద్యం వాళ్ళు చెయ్యనక్కర్లేదు, రిపోర్టులో ఏముందో విప్పి చెబితే చాలు. సంఘం సరేనంటే ఆ జాబితా రాసే పని నేను చేస్తాను. భోజనాలయ్యాక వరండాలో బల్ల దగ్గర కూర్చుంటాను. వైద్యరంగంలో ఉన్నవాళ్ళు వచ్చి పేరు, ఫోను నంబరు ఇచ్చి వెళ్ళండి.